ఎల్‌4-ఎల్‌5 డిస్క్ ఉన్నవాళ్లకి ఫిజియోతో పాటు యోగా: ఏది ముందు, ఏది వద్దు?

పలాస యోగా క్లాస్
నమస్తే అండీ. జీడిపప్పు గ్రేడింగ్ పని చేసే 44 ఏళ్ల ఆవిడ గురించి అడుగుతున్నాను. రోజుకి ఎనిమిది గంటలు నేల మీద మఠం వేసుకుని ముందుకు వంగి కూర్చునే పని. ఎమ్మారైలో ఎల్‌4-ఎల్‌5 దగ్గర, అంటే నడుంలో నాలుగు, ఐదో పూసల మధ్య, డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బిందని రాశారు. కుడి కాలు పిక్క దాకా లాగుతోంది, బొటనవేలు తిమ్మిరి. పాదంలో బలం బాగానే ఉంది. బీపీకి మాత్రలు వాడుతున్నారు. ఫిజియో దగ్గర పది రోజులు ఐఎఫ్‌టీ (నొప్పి తగ్గడానికి పెట్టే కరెంటు), ట్రాక్షన్ (నడుం సాగదీసి లాగడం) అయ్యాయి. ఇంటికి బోర్లా పడుకుని పైకి లేచే వ్యాయామం రాసిచ్చారు. మా బ్యాచ్‌లో తెల్లారి ఐదున్నరకి సూర్య నమస్కారాలు, పశ్చిమోత్తానాసనం, కపాలభాతి ఉంటాయి. రెండూ కలిపి చేయించవచ్చా? ఏ వరసలో, ఎన్నిసార్లు?

ఫిజియో, శ్రీకాకుళం
కలపవచ్చు మాస్టారూ, బ్యాచ్‌లో మాత్రం వద్దు. ఆవిడకి విడిగా చాప వేయండి.

రాత్రంతా పడుకున్నప్పుడు డిస్క్ నీరు పీల్చుకుని ఉంటుంది. లేచిన మొదటి గంటలో వంగితే దాని మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. పన్నెండు భంగిమల నమస్కారంలో మూడోదీ పదోదీ పాదహస్తాసనమే, అంటే నిలబడి ముందుకు వంగి చేతులు పాదాల దగ్గర ఆన్చడం. 12 చుట్లు చేస్తే 24 సార్లు నడుం పూర్తిగా వంగినట్టు, అదీ తెల్లవారుజామున. పగలంతా వంగి కూర్చునే మనిషికి మళ్లీ వంగడాన్నే వైద్యంగా ఇస్తే ఎలా? పశ్చిమోత్తానాసనం, హలాసనం కూడా నడుం వంచేవే, ప్రస్తుతానికి పక్కన పెట్టండి. కపాలభాతి, భస్త్రికల్లో పొట్ట ఎగదన్నిన ప్రతిసారీ లోపలి ఒత్తిడి పెరుగుతుంది. దగ్గితే కాలు లాగే దశలో అవి అసలే వద్దు.

ఇంకొకటి. ఆ ఫిజియో రాసిచ్చింది భుజంగాసనం కాదు, చూడ్డానికి అలా ఉంటుందంతే. భుజంగాసనంలో వీపు కండరాలు ఛాతీని లేపుతాయి, చేతులు ఊరికే ఆని ఉంటాయి. ఇక్కడ నడుం, పిరుదులు పూర్తిగా వదిలేసి చేతులతోనే నెట్టుకుని లేవాలి. యోగా అలవాటున్నవాళ్లు పిరుదులు బిగించేస్తారు, తల వెనక్కి విరుస్తారు, దాంతో ఫలితం పోతుంది.

ముందు బోర్లా ఊరికే పడుకోవడం 2 నిమిషాలు. మోచేతుల మీద ఇంకో 2 నిమిషాలు. అప్పుడు అరచేతులతో నెట్టి లేచి, పైన ఊపిరి వదిలి, దిగడం, 10 సార్లు. ఇలా పగలు ఐదారు విడతలు. పొద్దున్నే ఒకేసారి 60 లాగించేస్తే ఆ పని జరగదు.

ప్రతి విడత తర్వాతా అడగాల్సింది ఒకటే: నొప్పి ఇప్పుడు ఎక్కడుంది? పిక్కలోది తొడకి, తొడలోది పిరుదుకి ఎక్కివస్తే, నడుంలో కాస్త పెరిగినా సరే, కొనసాగించండి. కిందికి దిగినా, తిమ్మిరి పాకినా ఆపి, రాసిచ్చిన ఫిజియోకి చెప్పండి. వ్యాయామంలో నడుం వంచే దిక్కు మార్చాల్సి ఉంటుంది. ఐఎఫ్‌టీ, ట్రాక్షన్ ఇచ్చేది కాసేపటి ఉపశమనం. పది రోజులూ వాటికే పోయాయంటే నాకు నచ్చలేదు.

మూత్రం ఆగిపోవడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, చెప్పు జారిపోయేలా పాదం వేలాడటం, వీటిలో ఏది కనిపించినా వ్యాయామం ఊసెత్తకుండా అదే రోజు పెద్దాసుపత్రికి పంపేయండి.

యోగా థెరపీ, విజయనగరం
పై మాటకి కొనసాగింపుగా, యోగా వైపు నుంచి కలపాల్సినవి.

మొదలు శవాసనంతో పెట్టండి, మోకాళ్ల కింద రెండు తలగడలు. 4 లెక్కల్లో పీల్చి 6 లెక్కల్లో వదలడం. లెక్క సెకనుకి ఒకటైతే నిమిషానికి 6 శ్వాసలు. 5 నిమిషాలు చాలు. బీపీ ఉంది కాబట్టి కుంభకం (ఊపిరి ఆపి ఉంచడం) వద్దు. నొప్పి ఉన్నవాళ్లు తెలియకుండానే ఊపిరి బిగబట్టి నడుం బిగిస్తారు. అది సడలాక బోర్లా వ్యాయామానికి వెళ్తే చేతులు నెట్టినంత మేర నడుం సాగుతుంది. బిగిసిన నడుంతో చేసి "నాకు పడలేదు" అనేవాళ్లు చాలామంది.

కాలు లాగుతోందని తొడ వెనక కండరం సాగదీయించకండి. చాలాసార్లు అక్కడ లాగేది చిరాకుపడిన నరం. సుప్త పాదాంగుష్ఠాసనంలో, అంటే వెల్లకిలా పడుకుని కాలు నిటారుగా ఎత్తి, తాడు వేసి పట్టి ఉంచితే రాత్రికి ఎక్కువవుతుంది. దాని బదులు వెల్లకిలా పడుకుని, తొడని రెండు చేతులతో పట్టుకుని, మోకాలు మెల్లగా చాచి, మొదటి లాగుడు తగలగానే వెనక్కి మడవాలి. 10 సార్లు. చాచి ఆపకూడదు.

నొప్పి మోకాలి పైకి వచ్చేశాక బలం పెంచేవి. సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం లేపడం) సగం ఎత్తే, 5 సెకన్లు, 8 సార్లు. తర్వాత చేతులు, మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చేయి-కాలు చాచడం, 5 సెకన్లు, ఒక్కో పక్కకి 6 సార్లు. వీపు మీద గ్లాసుడు నీళ్లు పెట్టినా ఒలకనట్టు కదలాలి. వ్యాఘ్రాసనంలోలా వెన్ను గుండ్రంగా వంచకూడదు. అసలు భుజంగాసనం వచ్చేది ఇక్కడే, చేతుల మీద బరువు లేకుండా.

కొలత: నొప్పి 0 నుంచి 10 లెక్కలో, చేస్తుండగా 3 దాటకూడదు, మర్నాడు పొద్దుటికి ముందున్న చోటికి రావాలి. రాకపోతే సంఖ్య సగానికి తగ్గించండి. ఫిజియో ఒక కాగితం, మీరొక కాగితం ఇస్తే ఇరవై రకాలవుతాయి, ఏది పడిందో ఏది చెడగొట్టిందో ఎవరికీ తెలీదు. ఒకే కాగితం, ఐదారు రకాలు, వారానికి ఒక్కటే కొత్తది. నొప్పి ఎక్కడి దాకా ఉందో తేదీ వేసి దాని మీదే రాయించండి, ఫిజియో కూడా చూస్తారు.

అన్నట్టు, 2017లో అమెరికాలోని బోస్టన్‌లో 320 మంది మీద చేసిన పరీక్షలో 12 వారాల యోగా ఫిజియోథెరపీకి తీసిపోలేదని తేలింది. దాన్ని చూపించి ఫిజియో మాన్పించకండి. అది ప్రత్యేక కారణం దొరకని దీర్ఘకాల నడుంనొప్పికి సంబంధించింది, ఈవిడ కేసు అది కాదు.

బొబ్బిలి నుంచి
మా నాన్నగారికి 71. రిపోర్టులో అదే ఎల్‌4-ఎల్‌5. ఐదు నిమిషాలు నడిస్తే రెండు పిక్కలూ పట్టేస్తాయి, కూర్చుంటే పోతుంది. సైకిలు మాత్రం ఎంత దూరమైనా తొక్కుతారు. ఇదే చేయించవచ్చా అండీ?

ఫిజియో, శ్రీకాకుళం
వద్దండీ. సైకిలు మీద బాగుంటోందంటే వంగితే వెసులుబాటు దొరుకుతోందన్నమాట. నరాల దారి ఇరుకైనప్పుడు ఇలా ఉంటుంది. వెనక్కి వంచితే ఆ దారి ఇంకా మూసుకుంటుంది. ఆయనకి వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలు ఛాతీకి తెచ్చుకోవడం, 10 సార్లు, తల ఎత్తకుండా. భుజంగాసనం, ధనురాసనం వద్దు. అంతకుముందు పాదాల దగ్గర నాడి చూపించండి. కూర్చోకుండా ఊరికే నిలబడినా పిక్క నొప్పి పోతుంటే రక్తనాళాలను అనుమానించాలి.

కవిటి సభ్యుడు
పలాస మాస్టారికి ఒక మాట. మన పలాస, కవిటి వైపు ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఎక్కువన్న సంగతి తెలిసిందే. బీపీ కూడా ఉందంటున్నారు. నడుంనొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూదులు వేయించుకుంటున్నారేమో కనుక్కోండి, ఆ నొప్పి మందు మూత్రపిండాలకి హాని చేయొచ్చు. ఒక్కసారి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించాకే ఏ నొప్పి మాత్రైనా, అదీ డాక్టరు రాస్తేనే. డయాలసిస్ వాళ్లు ఎవరైనా మీ దగ్గరకొస్తే, ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చేతి మీద బరువు వేసే ఆసనాలు నెఫ్రాలజిస్టుని, అంటే కిడ్నీ డాక్టరుని, అడక్కుండా చేయించవద్దు.

పలాస యోగా క్లాస్
చాలా థాంక్సండీ. సూదుల సంగతి అడుగుతాను. ఆవిడ పని మానలేరు. పని దగ్గర ఏం చేయాలి? నమస్కారాలు మళ్లీ ఎప్పుడు?

యోగా థెరపీ, విజయనగరం
నేల మీద వద్దు, ఎత్తు పీట మీద కూర్చోవాలి. తుంటి మోకాళ్ల కంటే పైన ఉండాలి, పప్పు ట్రే కూడా అంత ఎత్తుకి లేవాలి. పీట ఒక్కటే ఎత్తితే ఇంకా ఎక్కువ వంగుతారు. అరగంటకోసారి లేచి, చేతులు నడుం మీద పెట్టుకుని 5 సార్లు వెనక్కి వంగడం.

నమస్కారాలకి తొందరొద్దు. కాలు నొప్పి పూర్తిగా పోయాక, ఒక సాయంత్రం నిలబడి మోకాళ్ల దాకా 5 సార్లు వంగి చూడమనండి. మర్నాటికి కాల్లో ఏమీ రాకపోతే, పాదహస్తాసనం బదులు కుర్చీ మీద చేతులు ఆన్చి 2 చుట్లు, అదీ సాయంత్రం పూటే.