చెన్ శైలి ఒక్కటే అసలు తైచీనా? మిగతావన్నీ పార్కు వ్యాయామాలేనా?

పాతబాణీ: సూటిగానే అడుగుతున్నా. యూట్యూబ్ చూసి అందరూ చేసే 24 భంగిమల వరుసని తైచీ (మెల్లని కదలికలతో సాగే చైనా యుద్ధవిద్య) అనొచ్చా? 1956లో చైనా క్రీడా సంఘం, తైచీ శైలుల్లో ఒకటైన యాంగ్‌ని కుదించి తయారుచేసింది. ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. హెనాన్‌లోని చెన్ వాళ్ల ఊళ్లో పుట్టిన చెన్ శైలిలో గెంతులున్నాయి, నేల అదిరేలా కాలు తాటించడం ఉంది, మెల్లగా సాగుతూనే ఉన్నట్టుండి విరుచుకుపడే ఫాజిన్ ఉంది. అవన్నీ పీకేశాక ఏం మిగిలింది?

నెమ్మది: యాంగ్ శైలికి ఆద్యుడు యాంగ్ లూచాన్ (1799–1872) నేర్చుకున్నది కూడా ఆ ఊళ్లోనే కదండీ, చెన్ చాంగ్‌షింగ్ దగ్గర. తర్వాత బీజింగ్‌లో నేర్పాడు. ఇప్పుడు మనం చూసే ఒకే వేగం, విశాలమైన భంగిమలు ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫూ కాలంలో స్థిరపడ్డాయి.

పాతబాణీ: నేననేదీ అదే. మనవడు మార్చేశాడు.

నెమ్మది: మార్చనిదెవరు? చెన్ వంశపు గురువు చెన్ ఫాకే 1928లో బీజింగ్ వచ్చి నేర్పినదాన్ని చెన్ వాళ్లే షిన్ జియా, అంటే కొత్త పద్ధతి అంటున్నారు. ముందు ఇంట్లో పంచాయితీ తేల్చుకుని మా మీదికి రండి.

కీళ్లనొప్పి: అన్నలూ, మధ్యలో దూరుతున్నా. అరవై దగ్గర పడింది, మోకాళ్లు సహకరించవు. ఏది నేర్చుకోను?

నాలుగూ చూశా: మీకైతే సున్ శైలి చూడండి. నిలబడే ఎత్తు ఎక్కువ, ముందు పాదం కదిలితే వెనక పాదం వెంటే వచ్చి చేరుతుంది, కాబట్టి వంగి చాలాసేపు బరువు మోయక్కర్లేదు. పాల్ లామ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు కీళ్లవాతం వాళ్లకోసం రూపొందించిన వరుసకి ఆధారం ఇదే. ఏ శైలైనా బరువున్న కాలి మీద మోకాలు మెలితిప్పకండి.

అసలు చర్చకొస్తే, "ఒంటి కొరడా" అనే ఒక్క భంగిమ చూడండి. చెన్‌లో నడుము తిరిగితే ఆ మెలిక భుజం మీదుగా మణికట్టు దాకా పాకుతుంది. యాంగ్‌లో వెన్ను నిటారుగా, అడుగు వేసి అరచేయి ముందుకి. వూ శైలిలో (వూ జియాన్‌చువాన్‌ది, అదే పేరుతో ఇంకో శైలి కూడా ఉంది, దాన్నిప్పుడు కదపొద్దు) ముందుకి వాలే భంగిమలు ఎక్కువ, వెనక మడమ నుంచి నడినెత్తి దాకా ఒకే ఏటవాలు గీత. అది చూసి యాంగ్ వాళ్లు "వంగిపోయాడు" అంటారు. కాదు, అక్కడ లెక్కే వేరు.

పాతబాణీ: చూడ్డానికి బాగానే ఉంది. ఎదుటి మనిషి తోస్తే నిలబడతాడా? తుయ్‌షౌ, అదే ఇద్దరూ చేతులు ఆనించి చేసే సాధన, లేకుండా ఇరవై ఏళ్లు గాల్లో చేతులు తిప్పేవాళ్లు యాంగ్‌లోనే ఎక్కువ.

నెమ్మది: తుయ్‌షౌ లేకపోతే సగమే అన్నది నేనూ ఒప్పుకుంటా. అది శైలి లోపమా, నేర్పేవాళ్ల లోపమా? పతకాల కోసం వరుసలు బట్టీ పట్టించే చెన్ మాస్టార్లు లేరా?

పాతబాణీ: ఉన్నారు. వాళ్లనీ నేను తైచీ మాస్టార్లనను.

కీళ్లనొప్పి: సున్ నేర్పేవాళ్లు హైదరాబాద్‌లో ఎవరైనా ఉన్నారా? అది చెప్పి తర్వాత కొట్టుకోండి.