ఎస్పోజితో: పారేసిన బిడ్డా, బయట ఉంచిన బిడ్డా?

ప్రశ్న: ఎస్పోజితో అనే ఇటాలియన్ ఇంటిపేరుకు "పారేసిన బిడ్డ" అని అర్థం రాశారు ఒకచోట. నిజంగా అంత కఠినమైన మాటేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: అనాథ బిడ్డలకు పెట్టిన పేరన్నది నిజమేనండి. "పారేసిన" అనడమే నాకు నచ్చలేదు. లాటిన్‌లో పోనెరె అంటే ఉంచడం. దాని ముందు "బయటికి" అనే ఎక్స్ చేరితే ఎక్స్‌పోసితుస్, బయట ఉంచినవాడు. మనం వాడే డిపాజిట్, పొజిషన్, ఎక్స్‌పోజర్ అన్నీ ఆ వేరు నుంచి వచ్చినవే. విసిరేయడమన్నది ఆ ధాతువులో లేదు.

నేపుల్స్‌లో అనున్‌జియాత అనే ధర్మాసుపత్రి గోడలో పీపా లాంటి తిరిగే చెక్క తొట్టి ఉండేది. రువోతా, అంటే చక్రం, అనేవారు. తల్లి వీధివైపు నుంచి బిడ్డను అందులో పడుకోబెట్టి తిప్పితే లోపలివాళ్లు ఎత్తుకునేవారు. ఆమె ముఖం ఎవరికీ కనబడేది కాదు. ఆ బిడ్డలకు దస్తరంలో రాసిన పేరు ఎస్పోజితో. ఊరి జనం మాత్రం "మేరీమాత పిల్లలు" అనేవారు. నాకు ఈ మాటే ఎక్కువ ఇష్టం.

పేరు వింటేనే పుట్టుక బయటపడుతోందని, రాజు జొయాకిమ్ మ్యురా కాలంలో (1808–1815) కొత్తగా ఆ పేరు పెట్టడం మాన్పించారు. చక్రాన్ని 1875లో మూసేశారు. అప్పటికే పేరు వంశాల్లో స్థిరపడిపోయింది. ఇవాళ నేపుల్స్‌లో ఎక్కువగా వినబడే ఇంటిపేర్లలో అదొకటి.

మరొకరు: రోమ్‌లో ప్రొయెత్తి అనే పేరూ ఇలాంటిదే కదండీ?

జవాబు: అవును. "పారేసిన" అన్నది అక్కడైతే సరిపోతుంది. దాని లాటిన్ మూలానికి ముందుకు విసరడం అని అర్థం, మన ప్రాజెక్టు, ప్రొజెక్టర్ కూడా అందులోంచే వచ్చాయి. ఫ్లోరెన్స్‌లో 1445లో తొలి బిడ్డను చేర్చుకున్న ఆశ్రమం పేరు మీద ఇన్నొచెంతి, అంటే అమాయకులు. మిలాన్‌లో ఆసుపత్రి చిహ్నం పావురం కాబట్టి కొలొంబో. అలాగని ప్రతి కొలొంబో అనాథ సంతతి కాదు. అమెరికా దారి పట్టిన క్రిస్టఫర్ కొలంబస్‌ది జెనోవాలో నేతపనివాడి ఇల్లు.

మరొకరు: అలాగైతే ఎస్పోజితోను "అప్పగించిన బిడ్డ" అనొచ్చా?

జవాబు: అప్పగించాలంటే పుచ్చుకునే మనిషి ఎదురుగా ఉండాలి. చక్రం పెట్టిందే ఆ ఇద్దరూ ఎదురుపడకుండా. నేనైతే "బయట ఉంచిన బిడ్డ" అనే రాస్తాను. ఫ్లోరెన్స్ ఆశ్రమంలో సగానికి కోసిన పతకాలు ఇప్పటికీ దాచి ఉన్నాయి. ఒక సగం బిడ్డతో పెట్టి, రెండోది తల్లి తన దగ్గర ఉంచుకునేది, ఎప్పుడైనా తిరిగొస్తే గుర్తు చూపించడానికి.