అప్‌డేట్: తాతయ్య రాసిన ఉత్తరం దొరికింది

1953 గోదావరి వరదల మీద మా తాతయ్య ఆంధ్రపత్రికకు రాసిన ఉత్తరం ఎక్కడ దొరుకుతుందని పోయిన నెల అడిగాను. వేటపాలెం సారస్వత నికేతనం లైబ్రరీలో దొరికింది! దారి చూపిన అందరికీ ధన్యవాదాలు.

అన్నిటికన్నా పనికొచ్చింది "ముందు తేదీ తేల్చుకోండి" అన్న సలహా. వరద వచ్చింది ఆగస్టులో కాబట్టి, ఆ నెల మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా సంచికలు చాలనుకున్నాం. లైబ్రేరియన్ గారికి ముందే ఫోన్ చేసి ఆ తేదీలు చెప్పాం. కాగితం అంచులు పెళుసుగా ఉన్నాయి, ఒక్కో పేజీ రెండు చేతులతో తిప్పాలి. రెండో రోజు మధ్యాహ్నం తాతయ్య పేరు కనబడగానే అమ్మ ఏడ్చేసింది. అనుమతి అడిగి, ఫ్లాష్ లేకుండా ఫొటో తీసుకున్నాను.

నెట్‌లో పేరు కొట్టి వెతకడం మాత్రం దండగ. పాత పత్రికల స్కాన్లు చాలావరకు బొమ్మలే, లోపలి అక్షరాలు సెర్చ్‌కు అందవు. సభ్యత్వం గురించి పడ్డ టెన్షన్ కూడా అనవసరమే, అక్కడే కూర్చుని చదువుతామంటే మమ్మల్ని అడగలేదు.