ద్వీపం నాటకం రాస్తున్నాను, ఓడ వైద్యం గురించి తెలిసినవారు చెప్పండి

నమస్కారం. చెన్నై మైలాపూరులో ఉంటాను. ఇక్కడి మన తెలుగు పిల్లల కోసం నాటకం రాస్తున్నాను. ఓడ మునిగి ద్వీపానికి కొట్టుకొచ్చిన నావికుడు, అక్కడి వైద్యుడు జంతువులను మత్తు ఇవ్వకుండానే కోయడం చూస్తాడు. కుట్లు మానని చేత్తో ఒక కోతి అతని చొక్కా అంచు పట్టుకునే ఘట్టం రాస్తూ ఏడ్చేశాను.

కథాకాలం 1890. ఈథర్ మత్తు 1846 నాటికే లోకానికి తెలుసు. జంతు ప్రయోగాలకు అనుమతి ఉండాలని బ్రిటన్ 1876లో చట్టమే చేసింది. అంటే ఆ వైద్యుడిది తెలిసి చేసిన క్రూరత్వం. ఆ మాట నావికుడే నిలదీసి అడగాలి. పెద్దగా చదువుకోని అతనికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? ఓడ వైద్యుడి దగ్గర సహాయకుడిగా పనిచేశాడంటే నమ్ముతారా? అప్పటి ఓడల మందుల పెట్టెలో ఏమేమి ఉండేవి? దయచేసి చెప్పండి, వచ్చే నెలే ప్రదర్శన.