నా కంప్యూటర్‌లో తయారయ్యే ప్యాకేజీ కోజిలో ఎందుకు విఫలమవుతోంది?

స్పెక్_కొత్త:
నిన్న సాయంత్రం నుంచి ఒకే ప్యాకేజీతో కుస్తీ పడుతున్నాను. అది సీ++లో రాసిన చిన్న లైబ్రరీ. నా కంప్యూటర్‌లో ఆర్‌పీఎంబిల్డ్‌తో (ఆర్‌పీఎం ప్యాకేజీలు తయారుచేసే ఆదేశం) ఏ ఆటంకమూ లేకుండా తయారవుతోంది, ఎవరైనా సొంత ప్యాకేజీలు తయారు చేసుకోగల ఫెడోరా సేవ కాప్ర్‌లోనూ బిల్డ్ విజయవంతమైంది. అదే స్పెక్ ఫైలును (ప్యాకేజీ తయారీ సూచనలు), అదే టార్‌బాల్‌ను (సోర్సు కోడ్ కట్ట) ఫెడోరా అధికారిక బిల్డ్ వ్యవస్థ కోజికి పంపితే మాత్రం ప్రతిసారీ విఫలమవుతోంది. లాగ్ తెరిస్తే పని రద్దయిందన్న ముక్క తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. లోపం సర్వర్‌లోనే ఉందని నా అనుమానం. ఇది ఎవరికైనా ఎదురైందా?

రూట్‌లాగ్_రీడర్:
మీరు ఏ లాగ్ తెరిచారో చెప్పలేదు. కోజిలో ఒక ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) బిల్డ్ విఫలమైతే, ఇంకా నడుస్తున్న మిగతా ఆర్కిటెక్చర్ల పనులు కూడా రద్దవుతాయి. మీరు చూసింది అలా రద్దయిన పని లాగ్ అయి ఉండవచ్చు. విఫలమైనట్టు చూపిస్తున్న బిల్డ్‌ఆర్చ్ పనిని తెరవండి. బిల్డ్‌కు కావలసిన ప్యాకేజీలు దొరకకపోతే కారణం రూట్.లాగ్‌లో ఉంటుంది, కంపైల్ దశలోనో పరీక్షల దశలోనో ఆగిపోతే బిల్డ్.లాగ్‌లో ఉంటుంది. ఆ చివరి వరుసలు ఇక్కడ పెట్టండి.

చ్రూట్_వాసి:
మాక్‌తో (శుభ్రమైన, వేరుపడిన వాతావరణంలో బిల్డ్ చేసే సాధనం) బిల్డ్ చేసి చూడండి. ఆర్‌పీఎంబిల్డ్ ఫలితం ఇక్కడ లెక్కలోకి రాదు.

డెబ్_పాతకాపు:
ఈ చిక్కులన్నిటికీ మూలం ఒకటే: ఒకే సోర్సు నుంచి ఎవరు, ఎక్కడ బిల్డ్ చేసినా బైటు తేడా లేకుండా అదే ప్యాకేజీ రావాలన్న పట్టుదల మనలో చాలామందికి లేదు. డెబియన్ అనే లినక్స్ డిస్ట్రోలో (పంపిణీలో) ఈ ప్రయత్నం 2013లో మొదలైంది. ఫైళ్లలోకి చొరబడే తేదీలు, డైరెక్టరీ పేర్లు, లొకేల్ (భాష, ప్రాంత అమరికలు), ఫైళ్ల వరుసక్రమం వంటివి ఒక్కొక్కటిగా పట్టుకుని సరిచేస్తూ వచ్చారు. తేదీల బెడదను తగ్గించడానికి పుట్టిన సోర్స్_డేట్_ఎపోక్ అనే వేరియబుల్‌ను ఇప్పుడు చాలా డిస్ట్రోలు పాటిస్తున్నాయి. మీ స్పెక్ ఫైలులో దీని సంగతి చూసుకున్నారా?

స్పెక్_కొత్త:
తేదీలతో నాకు ఇబ్బంది లేదండీ, అసలు ప్యాకేజీయే తయారు కావడం లేదు. రూట్‌లాగ్_రీడర్ గారు చెప్పిన చోట చూశాను. బిల్డ్‌ను సిద్ధం చేసే సాధనం సీమేక్ నడిచేటప్పుడు "కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్: గిట్‌హబ్.కామ్" అని వచ్చి ఆగిపోయింది. అంటే సర్వర్‌లో డీఎన్ఎస్ (సైటు పేరుకు చిరునామా వెతికే ఏర్పాటు) పనిచేయడం లేదన్నట్టే కదా?

చ్రూట్_వాసి:
పనిచేయకూడదు కూడా. బిల్డ్ జరిగేటప్పుడు నెట్‌వర్క్ ఉండదు.

రూట్‌లాగ్_రీడర్:
ఆయన చెప్పింది నిజమే, కాస్త వివరిస్తాను. కోజి ఒక్కో బిల్డ్‌ను మాక్ సహాయంతో కొత్తగా అమర్చిన చ్రూట్‌లో (మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన డైరెక్టరీ) నడుపుతుంది. బిల్డ్‌రిక్వైర్స్‌లో (బిల్డ్‌కు కావలసిన ప్యాకేజీల జాబితా) మీరు అడిగినవి అందులో ముందే చేరతాయి, ఆ తరువాత బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోతుంది. ఆర్‌పీఎంబిల్డ్‌కు ఆ కట్టడి లేదు. కాప్ర్‌లోనూ బిల్డ్ విజయవంతమైందంటే, మీ ప్రాజెక్టు సెట్టింగులలో బిల్డ్ సమయంలో ఇంటర్నెట్‌ను అనుమతించే ఎంపిక ఆన్‌లో ఉండి ఉండాలి. సీమేక్‌లిస్ట్స్ ఫైలులో బయటి కోడ్‌ను డౌన్‌లోడ్ చేయించే ఫెచ్‌కంటెంట్_డిక్లేర్ అనే పిలుపు ఉందేమో వెతకండి.

స్పెక్_కొత్త:
అవును, కాప్ర్‌లో ఆ టిక్కు ఉంది. ఫెచ్‌కంటెంట్ గూగుల్‌టెస్ట్‌ను (సీ++ పరీక్షల లైబ్రరీ) గిట్‌హబ్ నుంచి తెస్తోంది.

డెబ్_పాతకాపు:
నేను చెప్పింది కూడా ఇదే. బిల్డ్ మధ్యలో బయటి నుంచి ఏదైనా తెచ్చుకుంటే అది పునరుత్పాదక బిల్డ్ (ఎక్కడ చేసినా అదే ఫలితమిచ్చే బిల్డ్) కాదు. ప్రధాన ఆర్కైవ్‌లోని ప్యాకేజీలు బిల్డ్ సమయంలో నెట్‌వర్క్‌ను తాకకూడదని డెబియన్ పాలసీ స్పష్టంగా చెబుతుంది.

హైడ్రా_పక్షం:
రెండింటినీ కలపకండి. నెట్‌వర్క్ లేకుండా బిల్డ్ చేసినా ఫలితంలో తేదీ చేరితే బైట్లు మారతాయి. మరోవైపు నిక్స్ అనే ప్యాకేజీ వ్యవస్థలో, రాబోయే ఫైలు హ్యాష్‌ను (దాని విషయం నుంచి లెక్కించిన గుర్తు) ముందే ప్రకటిస్తే, ఆ ఒక్క మెట్టుకు నెట్‌వర్క్‌ను అనుమతిస్తారు; హ్యాష్ సరిపోలకపోతే బిల్డ్ విఫలమవుతుంది. బిల్డ్‌ను బయటి ప్రపంచం నుంచి వేరుచేయడం ఒక గుణం, ఫలితం ఒకేలా రావడం మరొక గుణం.

డెబ్_పాతకాపు:
ఆచరణలో మొదటిది లేకుండా రెండవదాన్ని నమ్మలేం కాబట్టి, ఈ విభజన నాకు పుస్తకాల చర్చలాగే కనిపిస్తోంది.

రూట్‌లాగ్_రీడర్:
ఈ వాదన మరోచోట సాగనివ్వండి. స్పెక్_కొత్త గారూ, స్పెక్ ఫైలులో జీటెస్ట్-డెవెల్‌ను (గూగుల్‌టెస్ట్ ఫెడోరా ప్యాకేజీ) బిల్డ్‌రిక్వైర్స్‌గా చేర్చండి. సీమేక్ 3.24 నుంచి ఫెచ్‌కంటెంట్_డిక్లేర్‌లో ఫైండ్_ప్యాకేజ్_ఆర్గ్స్ ఇవ్వవచ్చు. అప్పుడది ముందు సిస్టమ్‌లో వెతికి, లేకపోతేనే డౌన్‌లోడ్‌కు పోతుంది. అయితే దాని వెంట నేమ్స్ జీటెస్ట్ అని రాయడం మరవకండి, ఎందుకంటే గూగుల్‌టెస్ట్ అన్న పేరుతో వెతికితే ఆ లైబ్రరీ దొరకదు. ఈ మార్పును ప్యాచ్‌గా పెట్టి, మూల రచయితలకూ పంపండి. విఫలమైన బిల్డ్‌కు రిలీజ్ సంఖ్య పెంచనక్కరలేదు. విజయవంతమైన బిల్డ్‌ను మాత్రం కోజి అదే పేరు, వెర్షన్, రిలీజ్‌తో మళ్లీ అంగీకరించదు. కాబట్టి ముందు స్క్రాచ్ బిల్డ్ (లెక్కలోకి రాని ప్రయోగాత్మక బిల్డ్) చేసి చూసుకోవడం మేలు.

చ్రూట్_వాసి:
పరీక్షలను నియంత్రించే బిల్డ్_టెస్టింగ్‌ను ఆఫ్ చేస్తే పని అయిపోతుంది.

రూట్‌లాగ్_రీడర్:
అయిపోతుంది గానీ, పరీక్షలు నడపని ప్యాకేజీని ఇన్ని ఆర్కిటెక్చర్లకు పంపడం నాకు సమ్మతం కాదు.

స్పెక్_కొత్త:
ప్యాచ్ పెట్టాక స్క్రాచ్ బిల్డ్ ఎక్స్86_64లో పూర్తయింది, ధన్యవాదాలు. ఎస్390ఎక్స్‌లో (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆర్కిటెక్చర్) మాత్రం ఫైలు హెడర్‌ను చదివే పరీక్ష ఒకటి విఫలమైంది. కాప్ర్‌లో నేను ఎక్స్86_64 ఒక్కటే ఎంచుకున్నాను. దీనికి కూడా నెట్‌వర్కే కారణమా?

చ్రూట్_వాసి:
కాదు. అది బిగ్-ఎండియన్, అంటే సంఖ్యల బైట్లను ఎక్స్86_64కు తిరగేసిన వరుసలో పెడుతుంది. వేరే చర్చ తెరవండి.