గరగర, గుయ్యి, చిటపట: టీవీ రోగానికి మన మాటలు

సభ్యులకు నమస్కారం. మాది కావలి. గత ఆదివారం ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి వల్ల ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

గోడకు బిగించిన టీవీలో పాటల కచేరీ వస్తోంది. మధ్యమధ్య ఏదో వింత శబ్దం. మరమ్మతు చేసే ఆయనకు ఫోను చేసి, "సౌండు సరిగా రావడం లేదండీ" అన్నాను. "గరగరమంటోందా, గుయ్యిమంటోందా, చిటపటలాడుతోందా?" అని అడిగారు. నేను తడుముకుంటుంటే అమ్మ ఫోను అందుకుంది. "గరగర కాదు నాయనా, బరబర. మాటలప్పుడు లేదు, మృదంగం మోగినప్పుడే" అంది. "అయితే లోపలి జబ్బు కాకపోవచ్చమ్మా. వెనక ఏదైనా తగులుతోందేమో చెయ్యి పెట్టి చూడమనండి" అన్నారాయన.

పెట్టాను. గోడకూ టీవీకీ సందులో ఎవరో దోపిన శుభలేఖ. నాలుగు మూలలా పసుపు పూసిన ఆ దళసరి అట్ట, స్పీకరు రంధ్రాల మీద వాలి ఉంది. మృదంగం దెబ్బ పడినప్పుడల్లా దాని అంచు అదురు వేలి కొనకు తెలుస్తోంది. లాగేశాను. శబ్దం ఆగింది.

అమ్మ పలికిన ఒక్క మాటతో మనిషి ఇంటికి రాకుండానే పని జరిగింది. చదువుకున్న నేను వాడిన "సరిగా రావడం లేదు" అన్న మాటలో సమాచారమే లేదు. అప్పటి నుంచి ఈ మాటలను వరుసగా పెట్టుకుని చూస్తున్నాను. గరగర గొంతులో పుట్టేది, పొడిగా ఒరుసుకునేది. గంజి పెట్టిన చీర కూడా గరగరలాడుతుంది. బరబర ఒక వస్తువు మరొక దాని మీద ఈడ్చుకుపోయేది. జీర గొంతు చీలినట్టు పలకడం. బొంగురు గొంతు మూసుకుపోయినట్టు పలకడం. స్పీకరులోని కాగితపు గిన్నె చిరిగితే వచ్చేది జీరే. ధ్వని పెంచేకొద్దీ అది ఎక్కువవుతుంది. టీవీని అల్మరా లోపలికి నెట్టినప్పుడో, అమరికలో మంద్రం (బేస్) బాగా పెంచినప్పుడో మాట ముద్దగా వస్తుంది. అది బొంగురు.

ఇంకొకటి తోచింది. విడివిడిగా పడే దెబ్బలకు మన భాష మాటను రెట్టిస్తుంది: గరగర, బరబర, టకటక. తెగకుండా సాగే ధ్వనిని మాత్రం రెట్టించదు: గుయ్యి, హోరు, జుమ్ము. ఇది నిజమేనా? పెద్దలు చెప్పాలి.

స్పందన (ఒంగోలు సభ్యురాలు): మా టీవీ మీరన్న గుయ్యే. ధ్వని పూర్తిగా తగ్గించినా సన్నగా వినిపిస్తూనే ఉంటుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక మరీ ఎక్కువ. మా అత్తయ్య దాన్ని "తుమ్మెద దూరింది" అంటారు.

స్పందన (టీవీలు బాగుచేసే సభ్యుడు, నెల్లూరు): అమ్మా, ముందు కేబుల్ పెట్టె నుంచి టీవీకి వచ్చే తీగలన్నీ ఊడదీసి వినండి. గుయ్యి ఆగితే దోషం ఆ తీగల దారిలోనో, ఎర్తులోనో ఉంది. ఆగకపోతే టీవీలోని కరెంటు భాగాన్ని చూడాలి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుంది. దాన్ని ఒకే దిశకు మార్చినప్పుడు సెకనుకు 100 అలలు మిగులుతాయి. వాటిని చదును చేసే కెపాసిటర్ ఎండిపోతే ఆ అలలు స్పీకరు దాకా వచ్చి గుయ్యిమనిపిస్తాయి. వెనక మూత మాత్రం మీరు విప్పవద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపల ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది.

కావలి మిత్రుని ప్రశ్నకు నా వృత్తి నుంచి ఒక మాట. ఆ గుయ్యి కూడా సెకనుకు వంద దెబ్బలే. చెవి వాటిని విడదీయలేదు. అందుకే మనవాళ్లు దాన్ని ఒకే తీగగా సాగదీసి పలికారు. చిటపట వేరు. అది తీగ వదులైనప్పుడో, అతుకు చిలుము పట్టినప్పుడో వస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అతుకులకు చిలుము త్వరగా పడుతుంది. తీగ కదిపి చూడండి, శబ్దం మారితే అదే చోటు. ఒక్క ఛానల్లోనే వస్తుంటే మాత్రం తప్పు టీవీది కాదు.

స్పందన (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, కోవూరు): చర్చ ముచ్చటగా ఉంది. రెట్టించిన మాటలో రెండోదాన్ని ఆమ్రేడితం అంటామని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చదువుకున్నాం. గరగరలో రెండో 'గర' ఆమ్రేడితం. చిటపటలో 'పట' అది కాదు, జంటమాట. తాలింపులో ఆవాలు ఒక్కసారిగా చిట్లవు, ఒకటి ముందూ ఒకటి వెనకా. ఆ ఎగుడుదిగుడు మాటలోకి వచ్చిందని నాకు అనిపిస్తుంది. అయితే దీన్ని సూత్రం చేయవద్దు. నిప్పులు చిటచిటలాడతాయని కూడా అంటాం. ఇంకో సంగతి: ఒక్కసారి పుట్టి ఆగిపోయే ధ్వనికి 'మను' చేరుస్తాం. టక్కుమన్నది, ఠప్పుమన్నది. గుయ్యిమనడం దీనికి లొంగదు, అది ఆగదు కదా. కాబట్టి 'మను' ఒక్కసారికే అనలేం.

నా జవాబు: మాస్టారూ, చిటచిట నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను, సూత్రం అనను. ఒంగోలు అక్కయ్య గారూ, తుమ్మెద మాట రాసిపెట్టుకున్నాను. తీగలు ఊడదీసి చూశాక ఆ తుమ్మెద ఎక్కడ దాగిందో చెప్పండి.

టక్కుమనడం గురించి కూడా ఒకటి. టీవీ కట్టేసిన కాసేపటికి మా దానిలో టక్, మళ్లీ కొంచెం ఆగి టక్. వేడెక్కిన ప్లాస్టిక్ చల్లబడి ముడుచుకుంటున్నప్పుడు వచ్చే శబ్దమట, రోగం కాదట. మరమ్మతు ఆయన చెప్పకముందే మా నాయనమ్మ దానికి పేరు పెట్టేసింది. రాత్రి దీపం ఆర్పాక అది టక్కుమంటే, "మెటికలు విరుచుకుంటోంది, పడుకోనివ్వండి" అంటుంది.