బుర్రలో గుజ్జా, గుంజా?

అమలాపురం నుంచి:
నిన్న మావాడు లెక్కల్లో తప్పు మీద తప్పు చేస్తుంటే, మా అమ్మ “నీ బుర్రలో గుంజుందా, ఊకుందా?” అంది. నేనెప్పుడూ “గుజ్జు” అనే విన్నాను. గుంజు అందరూ అనేదేనా, మా ఇంటి వాడుకేనా?

పాలకొల్లు నుంచి:
మా ఇంట్లో రెండూ అంటారండి. గుంజు అనగానే నాకు బుర్రగుంజే గుర్తొస్తుంది. పాతరలోంచి తాటి టెంక తీసి, తేగ ఇంకా ముదరకముందే కత్తితో రెండు చెక్కలు చేస్తే లోపల తెల్లగా, బెండులా, కొంచెం తియ్యగా ఉంటుందే, అది. పైన రాయిలాంటి టెంక, లోపల మెత్తటి గుంజు. తలకాయకి ఇంతకన్నా పోలికేం కావాలి? బుర్ర అన్నా అంతే, డొల్లగా ఉండే గట్టి చిప్ప. ఎండిన ఆనపకాయ బుర్ర, తంబూరా బుర్ర. బుర్రకథకి ఆ పేరు దాన్నుంచే.

రాజోలు నుంచి:
అనాటమీ చదివినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఇద్దరూ కరెక్టే. తాజా మెదడు గుజ్జే, బల్ల మీద పెడితే దాని బరువుకి అదే జారుతుంది. చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణంలో వేస్తే గట్టిపడి, మీ బుర్రగుంజులా ముక్కలుగా తెగుతుంది. మాకు చూపించింది అదే.

ఇంకో తమాషా. మెదడులో నాడీకణాలు పదివేల కోట్లని చాలాకాలం చెప్పుకున్నారు. పలచటి ముక్క కోసి, మైక్రోస్కోపులో లెక్కపెట్టి, మొత్తానికి హెచ్చిస్తే సరిపోదు, ఒకచోట కిక్కిరిసి ఉంటాయి, ఇంకోచోట పలచగా ఉంటాయి. అందుకని బ్రెజిల్‌లో సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం ఫార్మలిన్‌లో గట్టిపడిన మెదడుని సబ్బులాంటి ద్రావణంలో వేసి నూరేసింది. కణాల పైపొరలు కరిగిపోయి, కణానికొకటి చొప్పున ఉండే కేంద్రకాలు మాత్రం చెడకుండా తేలతాయి. గ్లాసు అడుగున ముద్దకట్టిన సబ్జా గింజల్ని బాగా కలిపితే, ఏ చెంచా తీసినా ఇంచుమించు అన్నే వస్తాయి కదా, అదే కిటుకు. నాడీకణాల కేంద్రకాలకి వేరే రంగు పట్టించి లెక్కేశారు. 2009లో తేలింది సుమారు 8,600 కోట్లు. అందులో 6,900 కోట్లు వెనకాల ఉండే చిన్నమెదడులోనే. బరువులో అది పదో వంతే!

అంటే గుజ్జుని గుంజు చేసి, మళ్లీ గుజ్జు చేశారన్నమాట.

నరసాపురం నుంచి:
లోపలేముందో తెలియాలంటే చచ్చిపోవాలా మాస్టారూ?

రాజోలు నుంచి:
అక్కర్లేదు. 1924లోనే జర్మనీలో హాన్స్ బెర్గర్ బతికున్న మనిషి తల మీంచి విద్యుత్ తరంగాలు రికార్డు చేశాడు. మనం ఈఈజీ అనేది అదే. మెదడు పనిచేస్తుండగా తీసే స్కాన్, ఇప్పటి ఫంక్షనల్ ఎంఆర్‌ఐ, చూసేది కూడా ఆలోచనని కాదు, ఎక్కడికి రక్తం ఎక్కువ పారుతోందో దాన్ని. మన “బుర్ర వేడెక్కింది” మరీ తీసిపారేసే మాటేం కాదు.

పాలకొల్లు నుంచి:
అయితే గుజ్జు ఎక్కువుంటే తెలివి ఎక్కువా?

రాజోలు నుంచి:
ఐన్‌స్టీన్ మెదడు 1,230 గ్రాములు. మామూలువాళ్లది 1,300 పైమాటే. ఈ ఒక్క విషయంలో మన సామెతలన్నీ ఫెయిల్.

అమలాపురం నుంచి:
అమ్మకి చదివి వినిపించాను. ఐన్‌స్టీన్ దాకా విననేలేదు. “ఆ పాలకొల్లు ఆయన్ని బుర్రగుంజులు ఎప్పుడు దొరుకుతాయో అడుగు” అంది.

పాలకొల్లు నుంచి:
పాతర ఇంకా తవ్వలేదని చెప్పండి. తవ్వగానే కబురు పెడతాను.